పదిహేడు మధ్యాహ్నాలు

"ఎన్నింటికి?" అని అడిగాడు గడియారం.

అది ఆయన అసలు పేరు కాదు. ఇరవై ఆరేళ్ళు మోటారు ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రమాదాల మీద విచారణలు చేసి, రిటైరయ్యాక అదే పని సొంతంగా చేసుకుంటున్న మనిషి. ఎవరితో మాట కలిపినా ముందు "ఎన్నింటికి" అనే అడుగుతాడు గనక ఆఫీసువాళ్ళు ఆ పేరు తగిలించారు. అది అలాగే అతుక్కుపోయింది. ఊళ్ళో అందరి వేళలూ అడిగి రాసుకునే ఆ పెద్దమనిషిని, మీరు ఇంటికి ఎన్నింటికి వస్తారని అడిగేవాళ్ళు మాత్రం పదకొండేళ్ళుగా లేరు.

"రెండూ పన్నెండుకి బాబాయిగారూ," అంది ప్రమాదంలో పోయిన డ్రైవరు భార్య. ఆమె ముందు కుట్టుమిషను, దానిమీద సగం కుట్టిన స్కూలు చొక్కా. "ఫోన్లో ఇంకా ఉంది చూడండి. టీ తాగి బయల్దేరతాను, మూడున్నరకల్లా ఇంట్లో ఉంటాను అన్నారు. పోలీసుల ఫోను రెండూ యాభై ఐదుకి వచ్చింది. పరిగెత్తబోతుంటే వాన మొదలైంది. గొడుగు కోసం వెనక్కి వచ్చాను. ఆ గొడుగు వెతకడంలో నాలుగు నిమిషాలు పోయాయి. వాటి గురించే ఇప్పటికీ ఆలోచిస్తుంటాను."

"టీ ఎక్కడ తాగుతానన్నాడు?"

"అడగలేదండీ. రోజూ అనే మాటే కదా."

గడియారం పుస్తకంలో రాసుకున్నాడు: 2.12, టీ. దాని పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ డ్రైవరు తన సొంత వానులో బేకరీ బ్రెడ్డు కొట్లకి వేసి, మధ్యాహ్నం ఖాళీ వానుతో తిరిగొచ్చేవాడు. వచ్చే దారిలో ఎనిమిది కిలోమీటర్ల మేర టీకొట్టు కాదు గదా, కిళ్ళీకొట్టు కూడా లేదని గడియారానికి తెలుసు.

ఆమె కంపెనీ ఉత్తరం తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరుగుపట్టేలా చదివినట్టుంది. వాను బోల్తాపడి మనిషి పోయాడు, నిజమే. కానీ ఆ రోడ్డు మరమ్మతులకోసం ప్రమాదానికి పందొమ్మిది రోజుల ముందే మూసేశారు, మలుపు దగ్గర బోర్డు ఉంది, మూసినట్టు తెలిసీ వెళ్ళినవాడికి పాలసీ వర్తించదు, కాబట్టి క్లెయిమ్ తిరస్కరించడమైనది. చెప్పుకోవాల్సింది ఉంటే రేపు ఉదయం పదింటికి వచ్చి చెప్పుకోవచ్చు.

"ఆ డబ్బు రాకపోతే ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి, నిజమే," అంది ఆమె. "కానీ అంతకంటే ఆ ముక్క, 'తెలిసీ వెళ్ళాడు' అన్న ముక్క మింగుడుపడటం లేదు. ఆయన బోర్డు చూస్తే ఆగే మనిషి. చుట్టుపక్కల పురుగు లేకపోయినా ఎర్రలైటు దగ్గర ఆగి కూర్చునేవారు. నేను విసుక్కునేదాన్ని."

గడియారం లేచాడు. గుమ్మం దాకా వచ్చాక ఆమె నెమ్మదిగా అడిగింది. "ఆఖర్న పక్కన ఎవరైనా ఉన్నారో లేరో కనుక్కోగలరా? ఒక్కరే పడి ఉన్నారేమో అనుకుంటే రాత్రుళ్ళు నిద్ర రావడం లేదు."

అలాంటి ప్రశ్నకి పుస్తకంలో గడి ఉండదు. అయినా ఆయన రాసుకున్నాడు.

పదకొండూ నలభైకల్లా గడియారం తన పాతకారుని ఆ మలుపు దగ్గర ఆపాడు. ఇనుపచట్రం, రెండు ఇనుపకాళ్ళు, పసుపురంగు రేకు మీద నల్లటి అక్షరాలు. రోడ్డు మూసివేయబడినది. బోర్డు ఠీవిగా నిలబడి ఉంది, తనకేమీ తెలియనట్టు.

ఆయన బోర్డు చూడలేదు, దాని కాళ్ళ కింద తారు చూశాడు. తర్వాత తన మోకాళ్ళు గొణుగుతున్నా నేలమీద కూర్చుని, జేబురుమాలుతో దుమ్ము తుడిచాడు. తారు మీద తెల్లటి గీతలు. ఇనుపకాళ్ళు ఈడిస్తే పడేవి. రోడ్డు మధ్యనుంచి పక్కనున్న పొదదాకా, ఒకే వంపులో, జంటలు జంటలుగా. ముప్పై జంటల దాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయాయి. వాన దుమ్ముని కడుగుతుంది గానీ తారుమీద గీతని చెరపలేదు.

"ఇంకా నేలబారు చూపులేనా గురువుగారూ?"

వెనక తెల్లకారు దిగినవాడిని చూడకుండానే గొంతు గుర్తుపట్టాడు గడియారం. ఒకప్పుడు తన కిందే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు కంపెనీ తరఫున క్లెయిములు కొట్టేయించడంలో మొనగాడు. ఎవరి చేత ఏ కాగితం మీదైనా పెట్టించుకోగలడు గనక అతన్ని అందరూ సంతకం అంటారు.

"నీ చూపులు ఎక్కడున్నాయో చెప్పు," అన్నాడు గడియారం, లేస్తూ.

సంతకం ఫోన్లో ఫోటో చూపించాడు. ప్రమాదం జరిగిన రోజు, ఉదయం పదకొండూ అయిదు. బోర్డు రోడ్డుకి అడ్డంగా నిటారుగా ఉంది. "రోడ్డుపని కాంట్రాక్టరు రోజూ పంపే ఫోటో. కల్తీ లేదు, కావాలంటే పరీక్ష చేయించుకోండి."

"అక్కర్లేదు, నిజమైన ఫోటోనే. పదకొండూ అయిదుకి బోర్డు ఉంది. వాను వచ్చింది రెండూ ఇరవైకి. మధ్యలో మూడుంబావు గంటలు ఉంది."

"ఆ మూడుంబావు గంటల్లో బోర్డు నడిచి వెళ్ళిపోయిందంటారా?"

"ఎవరో నడిపించారంటాను. పోలీసులకి ఫోను ఎన్నింటికి వెళ్ళింది?"

"రెండూ ముప్పై ఒకటికి. చచ్చిపోయినవాడి ఫోనునుంచే. మగగొంతు, పేరు చెప్పలేదు. దారినపోయేవాడెవడో చూసి చెప్పాడు."

"మూసేసిన రోడ్డు మీద దారినపోయేవాడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడురా?"

సంతకం ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మీరు పెద్దవారయ్యారు గురువుగారూ. ఇంటిపట్టున ఉండొచ్చు కదా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు గానీ, ఇంట్లో ఏముందో వాడికి తెలుసు. ఒక కుర్చీ, ఒక కంచం, గోడమీద నాలుగు గడియారాలు. ఆయనకి ఆ మాట ముల్లులా దిగింది. బోర్డు పక్కనుంచి లోపలికి నడిచాడు. సంతకం కారులో కూర్చుని ఎవరికో ఫోను చేస్తుండటం ఆయన చూడలేదు.

ఆరువందల అడుగులు వేశాక రోడ్డు వంపు తిరిగింది. వాను బోల్తాపడింది అక్కడే. వంపులో మంచం వెడల్పున కొత్తతారు అతుకు నల్లగా మెరుస్తోంది. ప్రమాదం తర్వాత ఆదరాబాదరాగా వేసింది. వంపు దాటాక యాభై గజాల దూరంలో రేకులషెడ్డు, దాని ముందు కంకరకుప్పలు, ఒక నీళ్ళడ్రమ్ము. సరుకుకి కాపలా ఉండే ముసలాయన గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. మనిషి కనిపించగానే ఆయన మొహం విప్పారింది. వచ్చినవాడి చేతిలో పుస్తకం, సంచీ చూశాక ముడుచుకుపోయింది.

"పోలీసులకి అంతా చెప్పాను బాబూ."

"నాక్కూడా చెప్పండి. నేను పోలీసుని కాదు. కూర్చోవచ్చా?"

షెడ్డులో ఒక నులకమంచం, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక దుప్పటి, ఒక చొక్కా తగిలించిన మేకు. అన్నీ ఒక్కొక్కటే. ఒంటరిమనిషి గది ఎలా ఉంటుందో గడియారానికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే చెక్కపెట్టె మీద ఉన్నవి ఆయన కంట్లో పడ్డాయి. రెండు గాజుగ్లాసులు. ఒకటి టీ మరకతో ఉంది. రెండోది శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది. దానిమీద దుమ్ము, ప్రమాదం జరిగినప్పటినుంచి పట్టిన ఇరవైరోజుల దుమ్ము.

"మీరు ఒక్కరే ఉంటారు కదా పెద్దాయనా. రెండో గ్లాసు ఎవరిది?"

ముసలాయన గ్లాసు వైపు చూడలేదు. "ఎవరైనా వస్తారేమోనని."

"మూసిన రోడ్డు మీద ఎవరొస్తారు?"

"అదే, ఎవరూ రారు."

"ఆ రోజు బోర్డు ఎన్నింటికి తీశారు?"

"నేనెందుకు తీస్తానండీ? గాలివాన వచ్చింది కదా. బోర్డు పడిపోయింది. వాన తగ్గాక నిలబెట్టాను. అదే అయ్యుంటుంది."

గడియారం సంచిలోంచి పోలీసుల ఫోటో తీసి మంచంమీద పెట్టాడు. "ఇది రెండూ యాభైకి తీసింది. వాను పక్కకి పడి ఉంది. రోడ్డు చూడండి, పొడిగా ఉంది. వాను అద్దం మీద దుమ్ము అలాగే ఉంది. వాన మూడింటికి గానీ రాలేదు. రెండూ ఇరవైకి రాని వాన బోర్డుని ఎలా పడేసింది?"

ముసలాయన ఫోటో తిప్పి బోర్లా పెట్టాడు.

"బోర్డు కింద తారు మీద గీతలున్నాయి. రోడ్డు మూసింది పందొమ్మిది రోజులు. బేకరీకి ఆదివారం సెలవు. రెండు ఆదివారాలు పోతే పదిహేడు. పదిహేడుసార్లు పక్కకి ఈడ్చారు, పదిహేడుసార్లు మళ్ళీ పెట్టారు. బ్రెడ్డువాను డ్రైవరు రోజూ భార్యకి ఫోను చేసి, టీ తాగి వస్తానని చెప్పేవాడు. ఈ దారిలో టీ దొరికే చోటు ఇదొక్కటే." గడియారం గొంతు తగ్గించాడు. "ఎన్నింటికి పెద్దాయనా?"



"ఒంటిగంటకి," అన్నాడు ముసలాయన. "పనివాళ్ళు ఒంటిగంటకి వెళ్ళిపోతారు. వాళ్ళు మలుపు దాటగానే తీసేసేవాణ్ణి. అతను టీ తాగి వెళ్ళాక మళ్ళీ పెట్టేవాణ్ణి. రోడ్డు తెరిచి ఉన్నన్నాళ్ళూ బాగుండేది బాబూ. లారీవాళ్ళు ఆగేవాళ్ళు, అగ్గిపెట్టె అడిగేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు. రాత్రి పడుకున్నా హారన్లు వినపడేవి. మూసేశాక ఇంక మాటే లేదు. ఎవర్నీ రానివ్వకపోవడమే నా ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఎప్పుడైనా చేశారా?"

ఉద్యోగం కాకపోయినా ఆ పని గడియారం పదకొండేళ్ళుగా చేస్తూనే ఉన్నాడు.

"రోడ్డు మూశారని అతనికి తెలుసా?"

"తెలియనివ్వలేదు. మొదటిరోజు బోర్డు చూసి ఆగిపోయాడు. బండి వెనక్కి తిప్పుకుంటున్నాడు. నేను రొప్పుతూ పరిగెత్తుకెళ్ళి, అది లారీలకి నాయనా, చిన్నబళ్ళకి తెరిచే ఉంది అని అబద్ధం చెప్పాను. మర్నాటినుంచి అసలు బోర్డే కనపడకుండా తీసేశాను, మళ్ళీ తిరిగిపోతాడేమోనని. వచ్చి పావుగంట కూర్చునేవాడు. మిగిలిన బ్రెడ్డు ఇచ్చేవాడు. వాళ్ళావిడ కుట్టుపని గురించి, మిషను సూదులు తెగ విరిచేస్తుందని, నవ్వుతూ చెప్పేవాడు."

మొదటిరోజు ఆగిపోయాడు అన్న ముక్క కింద గడియారం గీత గీశాడు. బోర్డు చూస్తే ఆగే మనిషి. ఆ ఇల్లాలు చెప్పింది అక్షరాలా నిజం. బోర్డు చూశాడు, ఆగాడు, వెనక్కి తిప్పాడు. ఈ ముసలాయన ఆ మాట రేపు పదింటికి చెబితే కంపెనీవాళ్ళ పప్పులు ఉడకవు.

"రేపు వచ్చి ఇదంతా చెప్పగలరా?"

"చెబితే నన్నేం చేస్తారు?"

"నేను దాచను. పోలీసులు కేసు పెట్టొచ్చు. జైలుకి పంపినా పంపొచ్చు. నేను మిమ్మల్ని కాపాడలేను."

"అంతదాకా ఎందుకులెండి," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

సంతకం ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. చేతిలో కాగితం, పెన్ను. అతని వెనక కాంట్రాక్టరు లారీ ఒకటి వంపు తిరిగి వచ్చి కంకరకుప్పల దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు దిగి, ఎవరినీ అడక్కుండా నీళ్ళడ్రమ్ము దొర్లించడం మొదలుపెట్టారు.

"తాతా, నిన్ను వేరే పనిచోటుకి మారుస్తున్నారు. అక్కడ పదిమంది కాపలావాళ్ళు ఉంటారు, నీకు కాలక్షేపం. పెట్టేబేడా లారీలో వేసుకో," అన్నాడు సంతకం, పసిపిల్లాడికి చెప్పినట్టు. "వెళ్ళేముందు ఇక్కడ ఒక్క సంతకం. రోజంతా బోర్డు ఉంది, డ్రైవరే దాన్ని పక్కకి లాగి లోపలికి వచ్చాడు అని. చచ్చినవాడికి కొత్తగా పోయేదేముంది? నీ జోలికి ఎవరూ రారు."

"వాడి ఇల్లాలికి పోతుంది," అన్నాడు గడియారం.

"ఆమెకి నేనేమైనా శత్రువునా గురువుగారూ? మీరే కదా నేర్పారు, కాగితం మీద ఉన్నదే నిజం అని."

నేర్పిన మాట వాస్తవం. ఆ రోజుల్లో ఇంట్లో ఎదురుచూసే మనిషి ఉండేది. కాగితం మీద లేనివి ఆమె చెబుతుండేది గనక తను ఆ మాట ధైర్యంగా అనగలిగాడు. ఇప్పుడు ఈ కుర్రాడికి ఆ సంగతి విప్పి చెప్పే ఓపిక లేక, "తప్పు నేర్పాను," అని మాత్రం అన్నాడు.

ముసలాయన పెన్ను అందుకున్నాడు. గడియారం కదలలేదు. చెయ్యి పట్టుకుని ఆపితే ఆపగలడు, కానీ అలా ఆపిన సాక్ష్యం రేపు పదింటిదాకా నిలవదని ఆయనకి తెలుసు. పదిమంది ఉండే చోటు అన్న మాట ఆ ముసలి మొహం మీద ఎలా పనిచేస్తోందో కూడా కనిపిస్తోంది. అది తనకి ఎవరైనా చెప్పినా అలాగే పనిచేసేదేమో.

ముసలాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. రెండోసారీ చదివాడు. తర్వాత పెన్నుకి మూత పెట్టి, సంతకం చొక్కాజేబులో జాగ్రత్తగా గుచ్చాడు.

"అతను బోర్డు ముట్టుకోలేదు," అన్నాడు. "ఎంత మంచిగా రాసినా ముట్టుకోలేదు."

సంతకం మొహం మాడిపోయింది. "సరే. రేపు పదింటికి మీరు ఈయన్ని తీసుకొస్తే గుమ్మం దగ్గర పోలీసులుంటారు. నేనే పిలుస్తాను. నేరం ఒప్పుకున్నవాడి పక్కన కూర్చున్నందుకు మీకూ నాలుగు ప్రశ్నలు తప్పవు. ఈలోగా ఈయన ఎక్కడ పడుకుంటాడో కూడా చూసుకోండి. ఈ షెడ్డు ఇప్పుడే విప్పేస్తున్నారు."

అన్నట్టే లారీమనుషులు పైరేకు పీకారు. ఎండ ఒక్కసారిగా మంచంమీద పడింది. ముసలాయన దుప్పటి, చొక్కా వదిలేసి రెండు గ్లాసులు మాత్రం తీసుకున్నాడు.

కారుదాకా నడిచేటప్పుడు వంపు దగ్గర ఆయన ఆగిపోయాడు. కొత్త అతుకు పక్కన నిలబడి, కాలిబొటనవేలితో దాని అంచు తాకాడు.

"ఇంకో మాట ఉంది బాబూ. అది షెడ్డులో చెప్పలేదు."

గడియారం పుస్తకం తీయబోయి, ఆగాడు.

"ఇక్కడ పెద్దగుంత ఉండేది. రోజూ నేను షెడ్డు ముందు నిలబడి, నెమ్మదిగా, నెమ్మదిగా అని రెండుచేతులూ కిందికి అనేవాణ్ణి. అతను పాకుతూ వచ్చేవాడు. ఆ రోజు పొద్దున పనివాళ్ళు గుంతని నలుచదరంగా లోతుగా చెక్కి, వదులుకంకర పోసి, పైన రాతిపొడి చల్లి వెళ్ళారు. రోలరు మర్నాడు వస్తుందన్నారట, నాకు ఎవరూ చెప్పలేదు. నాకు సమంగా కనిపించింది. గుంత పోయిందని ఎంత సంతోషమనిపించిందో. వాను వంపులోకి రాగానే, ఇవాళ భయం లేదు, దూసుకురా అని..." ఆయన చెయ్యెత్తి, గాలిలో ఒకసారి ఊపాడు. గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. "నేను రమ్మంటే వచ్చాడు బాబూ. చక్రం కూరుకుపోయి పల్టీ కొట్టింది."

"ఫోను చేసింది మీరే."

"నాకు ఫోను లేదు. అతని జేబులోంచి తీసి, నంబరు అతనే చెబితే నొక్కాను. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. పది నిమిషాలు ఉన్నాడు. టీ చల్లారిపోతుంది తాతా, నువ్వు తాగు అన్నాడు. అదే ఆఖరిమాట. పోలీసుల బండి చప్పుడు వినపడగానే బోర్డు గుర్తొచ్చింది. అతన్ని అక్కడే వదిలేసి, పొదలవెంట పరిగెత్తుకెళ్ళి, వాళ్ళు మలుపు దాటి లోపలికి రాగానే వెనకాల బోర్డు నిలబెట్టాను. బోర్డు కోసం వదిలేశాను."

వెనకాల రేకులు లారీలో పడుతున్న చప్పుడు. మలుపు దగ్గర తెల్లకారు ఇంజను ఆన్‌చేసి కాచుకుని ఉంది. తాము ఎటు వెళ్తే అటు వస్తుందని గడియారానికి అర్థమైంది. రేపటిదాకా ముసలాయన్ని ఎక్కడ దాచాలా అని ఇందాకటినుంచి పనిచేస్తున్న బుర్ర, ఆ ఆలోచన మానేసింది. ఆయన ఫోను తీసి డ్రైవరు భార్యకి చేశాడు.

"అమ్మా, ఒకర్ని తీసుకొస్తున్నాను. పొద్దున నువ్వు అడిగావు కదా, పక్కన ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారమ్మా. ఆయనే వస్తున్నారు. విన్నాక నీకు కోపం రావచ్చు, ఇంట్లోంచి పొమ్మనొచ్చు. కానీ రేపు ఆఫీసులో కంటే ముందు నువ్వు వినాలి."

అవతల కుట్టుమిషను ఆగింది.

"ఎన్నింటికి వస్తారు బాబాయిగారూ?" అంది ఆమె.

పదకొండేళ్ళ తర్వాత గడియారం విన్న మాట అది. చేతివాచీ చూసుకుని, "రెండూ ఇరవైకి," అన్నాడు. అన్నాక గానీ ఆ వేళ ఏమిటో ఆయనకి తట్టలేదు.

ముసలాయన కారులో కూర్చుని, గ్లాసులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముందు ఏది చెప్పమంటారు బాబూ? బోర్డు తీసిన సంగతా, చెయ్యి ఊపిన సంగతా?"

"టీ సంగతి," అన్నాడు గడియారం, కారు స్టార్టు చేస్తూ. "ఆమె ముందు అడిగేది అదే."

అద్దంలో తెల్లకారు వెనకే కదిలింది.